మూడో ఆదివారం లేచి నిలబడ్డవాళ్లు

మెదక్ వెళ్లొచ్చాను. కోట ఎక్కలేదు. ఏడుపాయల గుడికి పోలేదు. అందరూ ఫొటోలు తీసుకునే పెద్ద చర్చిని రోడ్డు మీద నుంచే తలెత్తి చూశాను, అంతే. మూడు రోజులుండి నేను చూసినవి ఒక జిరాక్స్ షాపు, ఒక మోటార్ల వైండింగ్ షాపు, ఒక రిటైర్డు తెలుగు సారు ఇల్లు, ఒక చిన్న చర్చిలో చివరి నుంచి రెండో బెంచీ. ఇదేం యాత్ర అని అడిగేవాళ్లు ఉంటారు. గుళ్ల చుట్టూ తిరిగొచ్చి ప్రసాదం రుచి గురించి పది పేజీలు రాయడం యాత్ర అయినప్పుడు, ఒక మాట నిజమో కాదో తేల్చుకోవడానికి పోవడం అంతకంటే మంచి యాత్ర అని నా వాదన.

పోవడానికి కారణం నా వ్యాసమే. కిందటేడు ఒక మాసపత్రికలో ప్రేమకథల మీద రాశాను. ఆ కథల్లో ఒక సన్నివేశం తప్పకుండా ఉంటుంది. ఒకరు ఇన్నాళ్లూ దాచిన రహస్యం బయటపెడతారు. అవతలివాళ్లు చెంప పగలగొట్టాల్సింది పోయి ప్రేమలో పడతారు. ఇది నాకు ఒళ్లు మండించే విషయం. "రహస్యం విన్న ఆడపిల్లకు కలిగేది ప్రేమ కాదు, జాలి. జాలిని ప్రేమ అని అమ్మే కథకుడిదీ, బూడిదను మహిమ అని అమ్మే బాబాదీ ఒకటే దుకాణం" అని రాశాను. ఆ వ్యాసానికి తిట్లూ వచ్చాయి, పొగడ్తలూ వచ్చాయి. రెంటికీ నేను అలవాటుపడ్డవాణ్ని.

మొన్న సెప్టెంబరులో మెదక్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కంప్యూటర్‌లో టైపు చేసిన ఒక్క పేజీ.

"సార్, మీ వ్యాసం చూపించి మా డాడీ నా పెళ్లి ఆపుతున్నారు. ఇరవై కాపీలు నా షాపులోనే, నా చేతులతోనే తీయించారు. చుట్టాలందరికీ పంచారు. మీరు రాసింది నా విషయంలో తప్పు. ఊరికే నమ్మొద్దు, వచ్చి చూడండి. మూడో ఆదివారం లోపల రావాలి. తర్వాత వస్తే పని లేదు. ఎస్తేరు."

గాలిలోంచి బూడిద తీసే బాబాల చొక్కా చేతులు పట్టుకుని పరీక్షించడానికి ఎన్ని ఊళ్లు తిరిగానో లెక్క లేదు. నా మాటే పరీక్షకు నిలబడాలని ఒక పిల్ల అడిగితే ఇంట్లో కూర్చోవడం సిగ్గుచేటు. సంచీ సర్దుకున్నాను. ఇందులో కనిపించే వాళ్లందరూ రాయమన్నాకే రాస్తున్నాను.

మనోహరాబాద్

తెనాలి నుంచి సికింద్రాబాద్ దాకా చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. శుక్రవారం మెదక్ పాసింజరు మనోహరాబాద్‌లో ఆగితే, సీసాలో నీళ్లు పట్టుకుందామని దిగాను. నీళ్లు పట్టుకుని ఎక్కి కూర్చున్నాక చూస్తే నా సంచీ లేదు. సంచీ ఎత్తుకుపోయారని గొడవ మొదలుపెట్టాను. ఒళ్లో సీతాఫలాల గంప పెట్టుకున్న ఒక పెద్దావిడ నన్ను కాసేపు తేరిపార చూసింది.

"యాడికి పోవాలె మీరు?"

"మెదక్."

"ఇది సిద్దిపేట దిక్కు పోతది. మీ సంచి పోలే అయ్యా. మీరే పోయిన్రు."

పరుగెత్తి నా బండి ఎక్కేసరికి, కుల్చారం రైతు ఒకాయన నా సంచీని ఒళ్లో పెట్టుకుని కాపలా కాస్తున్నాడు. ఎవరింటికి పోతున్నావని అడిగాడు. ఫిట్స్ ఉన్న ఒక కుర్రాడి పెళ్లి గొడవలో పోతున్నానని చెప్పాను. ఆ సంగతి ఎస్తేరు ఫోనులో చెప్పింది.

"ఫిట్సుకేమున్నది సార్, తాళంచెవుల గుత్తి చేతిల పెట్టాలె. తగ్గుతది" అన్నాడు.

మా వైపు ఉల్లిపాయ వాసన చూపిస్తారు, కొందరు చెప్పు కూడా చూపిస్తారు అన్నాను. ఆ మాటకు ఆయన భార్య పక్కకు తిరిగి నవ్వుకుంది.

"తాళాలు పెడితే ఎంతసేపటికి తగ్గుతుంది?"

"రెండు మూడు నిమిషాలల్ల."

"పెట్టకపోతే?"

ఆయన నిజాయితీపరుడు. "గప్పుడు గూడ రెండు మూడు నిమిషాలల్లనే" అన్నాడు.

భార్య అందుకుంది. "మరి గీ తాళాలెందుకయ్యా నడుముకు కట్టుకొని తిరుగుతున్నవ్?"

"గవి ఇంటి తాళాలే. ఊకో."

నేను సభలు పెట్టి గంటసేపు మాట్లాడినా ఇంత తేటగా తేల్చలేకపోయేవాణ్ని.

జిరాక్స్ షాపు

ఎస్తేరు షాపు చౌరస్తాకు దగ్గర్లో, రెండు మెడికల్ షాపుల మధ్య ఇరుక్కుని ఉంది. ఆమెకు ఇరవై ఏడేళ్లు. కళ్లద్దాలు, చూపుడువేలికి రబ్బరు తొడుగు. పేజీ రెండు రూపాయలు, మా తెనాలిలో ఉన్నట్టే. ఆధార్ కార్డులు, భూమి కాగితాలు, కులం సర్టిఫికెట్లు చేతులు మారుతూనే ఉన్నాయి. ఆ మధ్యలోనే ఆమె నాకు కథంతా చెప్పింది. దాన్ని కుదించి చెబుతాను.

వాళ్ల చర్చిలో పెళ్లికి ముందు వధూవరుల పేర్లు మూడు ఆదివారాలు సంఘమంతటి ముందూ చదువుతారు. ఈ పెళ్లి జరగకూడదనడానికి కారణం ఎవరికైనా తెలిస్తే ఇప్పుడే చెప్పాలని పాస్టరు అడుగుతాడు. ఎవరూ చెప్పరు. పాస్టరు కూడా జవాబు కోసం అడగడు. ఒక్క క్షణం ఆగి పక్క పేజీ తిప్పుతాడు. నిరుడు ఎస్తేరుకు ఒక సంబంధం కుదిరింది. పిల్లవాడు సామెల్, ఎల్దుర్తివాడు, మెదక్‌లో మోటార్లు వైండింగ్ చేస్తాడు. మూడో ఆదివారం పాస్టరు అడిగాడు. మగవాళ్ల వైపు బెంచీలోంచి పెళ్లికొడుకే లేచి నిలబడ్డాడు.

"ఏం చెప్పాడు?"

"'నాకు తెలుసు అయ్యగారు' అన్నడు. 'నాకు ఫిట్స్ వస్తయి. తొమ్మిదేండ్ల సంది గోలీలు వేసుకుంటున్న. మా ఇంటోళ్లు మీకు చెప్పలే. చెప్పకుంట చేసుకునుడు తప్పు' అన్నడు. చెప్పి కూసున్నడు."

"తర్వాత?"

"తర్వాత ఏముంటది సార్? డాడీ బైటికి నడిచిండు. మమ్మీ ఏడ్సింది. సామెల్ వాళ్లమ్మ గూడ ఏడ్సింది. పెండ్లి బంద్. ఊరంత మా ఇంటికొచ్చి 'బతికిపోయినవ్ బిడ్డా' అని పోయిన్రు."

ఇప్పుడు అదే సామెల్‌ను ఆమె చేసుకుంటానంటోంది. ఆగిపోయిన ప్రకటన చెల్లదు కనక పేర్లు మళ్లీ మొదటి నుంచి చదివారు. రెండు ఆదివారాలు అయ్యాయి. ఈ ఆదివారం మూడోది. ఈసారి తానే లేచి అభ్యంతరం చెబుతానని వాళ్ల నాన్న జయరాజ్ సార్ చుట్టాలందరికీ ప్రకటించాడు. ఆయన లేస్తే చర్చిలో పెళ్లి ఆగుతుంది. ఒకే పిల్లకు రెండుసార్లు ఆగితే మూడోసారి పేరు చదవడానికి ఏ పాస్టరూ ముందుకు రాడు.

చర్చితో పనేముంది, మీరిద్దరూ మేజర్లు, రిజిస్టర్ పెళ్లి చేసుకోండి, సాక్షి సంతకం నేను పెడతాను అన్నాను. ఇలాంటి సంతకాలు నేను చాలా పెట్టాను.

"దొంగలెక్క ఎందుకు సార్? ఆయన యాడ నిలబడి చెప్పిండో గాడనే చదవాలె మా పేర్లు."

నేను దేవుణ్ని నమ్మను. కానీ సంతకం మాట అక్కడితో వదిలేశాను. నా అసలు ప్రశ్నకు వచ్చాను. ఇది జాలి కాదని ఎలా తెలుసు?

ఆమె మెషిన్ మూత వేసింది. "ఆ ఏడంత ఊరంత నా మీద జాలిపడ్డది సార్. జాలి ఎట్లుంటదో నాకు మంచిగ తెలుసు."

"మరి ఏమిటిది?"

ఆమె కౌంటరు దగ్గర ఎవరూ లేకుండా చూసుకుని గొంతు తగ్గించింది. "డాడీకి ఇప్పటిదాంక చెప్పలే. ఆ రోజు సామెల్ లేచి చెప్తుంటే నాకు మస్తు సంతోషమైంది. ఆ పెండ్లి నాకు ఇష్టం లేకుండె. ఆయన మీద కోపమని కాదు, ఆయనెవరో నాకు తెల్వనే తెల్వదు. కుదిరిచ్చేముందు నన్నెవరు అడగలే. ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి అని అయ్యగారు అడిగినప్పుడల్ల, లేస్తె బాగుండు, లేస్తె బాగుండు అనుకున్న. కాళ్లు రాలే. నాకు రాని కాళ్లు ఆయనకొచ్చినయి."

పెళ్లి ఆగిన తొమ్మిది రోజుల తర్వాత, తన షాపులో కాలిపోయిన టేబుల్ ఫ్యాను పట్టుకుని సామెల్ దగ్గరికి పోయిందట. థాంక్స్ చెప్పడానికి.

ఖాజా భాయ్ చాయ్

సాక్షుల్ని విడివిడిగా విచారించాలన్నది నా పద్ధతి. శనివారం ఉదయం సామెల్ షాపుకు పోయాను. ముప్పై ఏళ్ల బక్కపలచటి మనిషి. గుడ్డ మీద రాగి తీగ చుట్టలు, విప్పేసిన బోరు మోటార్లు. కరెంటు స్తంభాలెక్కే పని ఫిట్స్ వల్ల మానేసి, నేల మీద కూర్చుని చేసే ఈ పని నేర్చుకున్నాడు. పక్కనే ఖాజా భాయ్ చాయ్ దుకాణం. మేం మాట్లాడుతుంటే ఆయన అడగకుండానే రెండు చాయ్‌లు తెచ్చి, అడగకుండానే కూర్చున్నాడు. చాయ్ పది రూపాయలు, మా వైపు కంటే చిక్కన, గ్లాసు మాత్రం సగమే.

మొదటి రెండు ఆదివారాలు ఎందుకు చెప్పలేదని సామెల్‌ను అడిగాను.

"మొదటి వారం ధైర్యం రాలే సార్. రెండో వారం ఇన్వర్టర్ రిపేరుకు పోయిన, చర్చిల లేను."

"మూడో వారం ధైర్యం ఎక్కడ నుంచి వచ్చింది?"

"ధైర్యం కాదు. ఎవరికన్న తెలిస్తే చెప్పమని అడిగిన్రు. నాకు తెలుసు గద. అడిగితే చెప్పాలె గద సార్."

ఖాజా భాయ్ తల కొట్టుకున్నాడు. "చూసిన్రా సార్? గా మాట జవాబు కోసం అడుగుతరా ఎవరన్న? మా దాంట్ల గూడ ఖాజీ సాబ్ పిల్లనడుగుతడు, కబూల్ హై అని, మూడుసార్లు. నేను అరవై ఏండ్లల్ల ఎన్ని నిఖాలు చూసినో. ఒక్క పిల్ల వద్దు అన్నది నేను ఇనలే. మా దోస్తు గీడొక్కడే పరీక్షల ప్రశ్న లెక్క జవాబు రాసిండు."

మా ఊరి పెళ్లిళ్ల గురించి చెప్పాను. పురోహితుడు ఎవరినీ ఏమీ అడగడు. మంత్రాలు చదివేవాడికే అర్థం తెలియదు, వినేవాళ్లకు అక్కర్లేదు. ఒక మతంలో అడిగి జవాబు వినరు, ఇంకోదాంట్లో అవుననడం తప్ప ఇంకేదీ వినపడదు, మూడోదాంట్లో అడగడమే లేదు. ముగ్గురూ చేసేది పిల్ల నోరు మూయించడమే. ఇది నేను కాస్త గట్టిగా అన్నట్టున్నాను, రోడ్డు మీద ఇద్దరు ఆగి చూశారు.

"జర నిమ్మళంగ సార్, గిరాకీ పోతది" అన్నాడు ఖాజా భాయ్.

ఆ టేబుల్ ఫ్యాను రోజు ఏం జరిగిందని అడిగాను. సామెల్ తీగ చుట్టడం ఆపలేదు.

"పెండ్లి చెడగొట్టినందుకు థాంక్స్ అన్నది. నాకు సమజ్ కాలే. తిట్టనీకె వచ్చిందనుకున్న. 'నాకు నువ్వు ఇష్టం లేకుండె. ఎవరికీ చెప్పలే, నీకు చెప్తున్న' అన్నది. నాకు నవ్వాగలే సార్. తొమ్మిది రోజుల సంది మా అమ్మతోని గూడ నవ్వలే నేను. నేను నవ్వుతుంటే ఆమె గూడ నవ్వింది. ఫ్యాను ఆ రోజు బాగు కాలే. తెల్లారి రమ్మన్న. తెల్లారి గూడ కాలే."

"పదకొండు రోజులు కాలే" అన్నాడు ఖాజా భాయ్. "పదిహేను నిమిషాల పని అది."

నా వ్యాసంలో లేని సంగతి ఇది. కథల్లో రహస్యం ఒకరే చెబుతారు, రెండోవాళ్లు క్షమిస్తారు. ఒకరు కింద, ఒకరు పైన. అందుకే అది జాలి అవుతుంది. ఇక్కడ ఇద్దరూ చెప్పుకున్నారు. క్షమించే కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

ఇంకొకటి కూడా తెలుసుకోవాల్సి ఉంది. ఆమె ఎదుట ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిందా?

"వచ్చిందట సార్. నాకెట్ల తెలుస్తది, నేనుండను గద అప్పుడు. ఖాజా భాయ్‌ని అడుగుండ్రి. అంతకుముందు ఎప్పుడొచ్చినా లేచేసరికి నా చేతిల ఎవరిదో ఒకరిది తాళంచెవి ఉంటుండె. ఒకసారైతె బైకు తాళంచెవి. బైకాయన డ్యూటీకి లేటయితుందని నా నెత్తి మీదనే నిలబడ్డడు."

ఖాజా భాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఆ రోజు నేను తాళాలు పట్టుకొని ఉరికొచ్చిన. ఆ పిల్ల నా దిక్కు చూసిన చూపుకు ఆడనే ఆగిన సార్. మోటార్లన్ని పక్కకు జరిపింది. ఈన్ని ఒక పక్కకు ఒరిగిచ్చింది. నెత్తి కింద చున్నీ పెట్టింది. ఫోన్ల టైమ్ చూసుకుంట కూసున్నది. ఏడుపు లేదు, మొత్తుకునుడు లేదు. 'రెండు నిమిషాల పది సెకన్లు' అని కాయితం మీద రాసుకున్నది, డాక్టర్‌కు చెప్పాలెనని. నాకు అరవై రెండు సార్. నేను అప్పటిసంది తాళాలు తేలే."

ఇందులో పూలు రాలలేదు. వాన పడలేదు. ఒక పిల్ల ఫోనులో టైము చూసింది. ప్రేమకథలు రాసేవాళ్లు బాకీ ఉన్న సన్నివేశం ఇదే అనుకున్నాను. వాళ్లు ఎలాగూ రాయరు.

జయరాజ్ సార్ ఇంట్లో భోజనం

మధ్యాహ్నం ఎస్తేరు నన్ను వాళ్లింటికి తీసుకుపోయింది. నేనెవరో చెప్పగానే జయరాజ్ సార్ లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ముప్పై మూడేళ్లు తెలుగు చెప్పినవాడు. నా వ్యాసాలు కత్తిరించి ఫైలు కట్టుకున్నాడు. మూఢనమ్మకాల మీద పిల్లలతో నాటకాలు వేయించాడు. ప్రార్థనతో రోగాలు నయం చేస్తానని వచ్చిన ఒక ప్రసంగీకుణ్ని ప్రశ్నలడిగి ఊరు దాటించాడు. సగం తిట్టడానికి సిద్ధపడి వచ్చిన నాకు, నా మనిషే ఎదురయ్యాడు.

బగారన్నం, కోడికూర, పచ్చిపులుసు. మా ఇంట్లో పులుసు మరిగించకుండా వడ్డిస్తే నేరం. ఇక్కడ చల్లటి చింతపండు నీళ్లలో ఉల్లిపాయలు పిసికి పోశారు. మూడుసార్లు పోయించుకున్నాను.

"తినుండ్రి, మంచిగ తినుండ్రి. రేపు మీరు నా పక్కనే కూసోవాలె" అన్నాడు జయరాజ్ సార్.

"నేను మీ తరఫున రాలేదు సార్."

ఆయన చెయ్యి ఆగింది. షెల్ఫులోంచి జిరాక్స్ కాపీ తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు. నిండా ఎర్ర ఇంకు గీతలు. "మీరు రాసిందే గద. కలిగేది ప్రేమ కాదు, జాలి. గింత చక్కగ ఎవరు రాయలే. నా బిడ్డ జాలిపడి బతుకు పాడు చేసుకుంటుంది. వాళ్లు మోసం చేసిన్రు, ఆ పోరడు ఆఖరి నిమిషంల ఒప్పుకున్నడు, ఇగ వాడు దేవుడైపోయిండు. మీరు చెప్పింది గిదే గద."

"నేను రాసింది కథల గురించి."

"బతుకు గురించి కాకుంటె కథల గురించెందుకు రాసిన్రు?"

నలభై ఏళ్ల వాదనల్లో ఇంత శుభ్రంగా నన్ను ఎవరూ పట్టుకోలేదు. మందులు వాడితే ఫిట్స్ అదుపులో ఉంటాయని, అది జబ్బే తప్ప శాపం కాదని మొదలుపెట్టాను. ఆయన విసుక్కున్నాడు.

"గది నాకు చెప్తున్నరా? ఫిట్స్ ఉన్నందుకు కాదు నా బాధ. నా బిడ్డను అందరి ముందర తల దించుకునేటట్టు చేసిన్రు. గా రోజు బెంచీల తల దించుకొని కూసున్నది. నేను చూసిన. గది మరవను."

వంటింటి గడప దగ్గర పచ్చిపులుసు గిన్నెతో నిలబడ్డ ఎస్తేరు వైపు చూశాను. నిన్న ఆ సంగతి నాకు చెప్పినప్పుడు, నేను అబద్ధమాడి దాచేవాణ్ని కాదని, కానీ దాన్ని వాళ్ల నాన్నకు చెప్పే హక్కు కూడా నాది కాదని ఆమెకు చెప్పాను. అందుకని ఒక్క మాటే అన్నాను. "తల ఎందుకు దించుకుందో మీరు అడిగారా?"

"అడగాల్నా? కనబడతలేదా?"

గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"నవ్వొస్తుంటె దించుకున్న డాడీ."

ఆమె తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ పెండ్లి నాకు ఇష్టం లేకుండె. ఆగిందని సంతోషపడ్డ. మీరు బైటికి నడుస్తుంటె మీ ఎనక ఉరకాలె, ఏడ్వాలె, గదంత చెయ్యాలె. నాకు నవ్వు ఆగలే, తల దించుకున్న. ఏడాది సంది ఊరంత నన్ను పాపం అంటుంటె ఊకున్న. మీరు వాళ్లతోని కొట్లాడుతుంటె ఊకున్న. చెప్తె మీరు తట్టుకోరని."

జయరాజ్ సార్ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"ఇష్టం లేదని నాతోని ఎందుకు చెప్పలే?"

"అడగలే గద డాడీ మీరు."

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. ఆ జిరాక్స్ కాపీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చర్చి తొమ్మిదిన్నరకు" అని మాత్రం నాతో చెప్పి లోపలికి పోయాడు. లేస్తాడో లేదో చెప్పలేదు. గడప దగ్గర నన్ను సాగనంపుతూ ఎస్తేరు, "లేస్తె లేవనీయండి సార్. నేను గూడ లేస్త" అంది.

ఆదివారం

చెప్పులు బయట వదిలి లోపలికి పోయాను. ఎడమ పక్క ఆడవాళ్లు, కుడి పక్క మగవాళ్లు. ఇలాంటి చోట కూర్చుని ఎన్నేళ్లయిందో. పాటలకు నేను నోరు తెరవలేదు. ప్రార్థనకు కళ్లు మూయలేదు. పక్కాయన ఒక కన్ను తెరిచి నన్ను చూసి మళ్లీ మూసుకున్నాడు. జయరాజ్ సార్ ముందు బెంచీలో ఇస్త్రీ చొక్కాతో నిటారుగా కూర్చున్నాడు. రెండు వరసల వెనక సామెల్, మోకాళ్ల మధ్య చేతులు. చర్చి మామూలు కంటే నిండుగా ఉందట. ఎందుకో అందరికీ తెలుసు. చివరి గుమ్మం దగ్గర ఖాజా భాయ్ కూడా వచ్చి నిలబడ్డాడు, లోపలికి రాకుండా.

ప్రసంగం అయ్యాక పాస్టరు కాగితం తీశాడు. పేర్లు చదివాడు. "వీరి వివాహమునకు అభ్యంతరము ఎవరికైనను తెలిసిన యెడల ఇప్పుడే తెలుపవలెను. ఇది మూడవ ప్రకటన."

ఈసారి ఆయన నిజంగానే ఆగాడు.

జయరాజ్ సార్ లేచాడు.

ఆడవాళ్ల వైపు బెంచీ ఒకటి కదిలింది. ఎస్తేరు కూడా లేచి నిలబడింది. తండ్రి ఆమె వైపు తిరిగి, చెయ్యి కిందికి ఊపాడు, బడిలో పిల్లల్ని కూర్చోమన్నట్టు. ఆమె కూర్చోలేదు.

"అయ్యగారు, నిరుడు మీరు గీ మాటే అడిగిన్రు" అన్నాడు ఆయన. "గప్పుడు సామెల్ లేచిండు. లేవాల్సింది నేను. గా సంబంధం కుదిరిచ్చేముందు నా బిడ్డకు ఇష్టమేనా అని నేను అడగలే. గది నాకు తెలిసిన అభ్యంతరం. గప్పుడు చెప్పలే. ఇప్పుడు చెప్తున్న."

పాస్టరు కాగితం వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూశాడు. "అంటే సార్, ఈ పెండ్లికి అభ్యంతరమున్నట్టా, లేనట్టా?"

"గా పెండ్లికి ఉన్నది. గీ పెండ్లికి లేదు. పొద్దుగాల అడిగిన."

"మరి దీన్ని ఏమని రాసుకోవాలె?"

"మీరు అడిగిన్రు. నేను జవాబు చెప్పిన. గంతే."

వెనక నుంచి ఒక ముసలమ్మ గొంతు వినబడింది. "అయితె ఇగ కూసో జయరాజూ, వంటలున్నయి."

నవ్వు బెంచీల మీదుగా పాకింది. ఎస్తేరు అప్పుడు కూర్చుంది. సామెల్ నవ్వలేదు. తల వంచుకుని రెండు అరచేతులతో మొహం తుడుచుకున్నాడు.

తిరుగు బండి

స్టేషన్‌కు జయరాజ్ సార్ తానే వచ్చాడు. మాట్లాడుకున్నది తక్కువ. ఉదయం చాయ్ ఇస్తుంటే, "నీకు ఇష్టమేనా బిడ్డా" అని అడిగాడట. ఎస్తేరు చాయ్ ఒలకబోసిందట. "నాటకాలు వేయించిన, ఉపన్యాసాలిచ్చిన. గీ ఒక్క మాట అడగనీకె ఇరవై ఏడేండ్లు పట్టింది" అన్నాడు. బండి కదిలే ముందు మడిచిన జిరాక్స్ కాపీ నా చేతిలో పెట్టాడు. "దిద్దిన. ఇంటికి పోయినంక చూసుకోండ్రి."

నేను ఇంటిదాకా ఆగే రకం కాదు. మనోహరాబాద్‌లో తెరిచాను. ఈసారి దిగలేదు.

ఆ వ్యాసాన్ని నేను వెనక్కి తీసుకోవడం లేదు. మోసాన్ని ఒప్పుకున్నందుకే ప్రేమించాలని ఆడపిల్లలకు నేర్పే కథల మీద నాకు కోపం అలాగే ఉంది, ఇంకా రాస్తాను. కానీ రహస్యం విన్న ఆడపిల్లకు కలిగేది ప్రేమ కాదు జాలి అన్న నా వాక్యం కింద రెండు ఎర్ర గీతలున్నాయి. పక్కన తెలుగు సారు గుండ్రటి అక్షరాల్లో ఒక ప్రశ్న: "ఎవరినడిగి రాసిన్రు?"

బాబాలను, పూజారులను, పాస్టర్లను నలభై ఏళ్లుగా నేను అడుగుతూ వచ్చిన ప్రశ్న అది. నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు అడిగారు కనక, మీ అందరి ముందూ లేచి చెబుతున్నాను.

ఎవరినీ అడగలేదు.